ఏ పౌండ్ నొక్కాలి? హ్యాష్ గుర్తు కథ

ఈ గుర్తు చూడండి: #. ఇంగ్లీషులో దీనికి చాలా పేర్లు ఉన్నాయి. హ్యాష్, పౌండ్, నంబర్ సైన్, స్క్వేర్, ఆక్టోథార్ప్. పిల్లలైతే హ్యాష్‌ట్యాగ్ అనే అంటారు. తెలుగులో సొంత పేరేదీ నాకు దొరకలేదు. ఇండియాలో ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు కూడా "హ్యాష్ నొక్కండి" అనే చెప్తుంది.

ఇన్ని పేర్లుంటే నష్టం ఏమిటి అని మీరు అడగొచ్చు. విష్ణుమూర్తికి వెయ్యి పేర్లున్నాయి, ఏ పేరుతో పిలిచినా పలుకుతాడు. కానీ ఈ గుర్తు విషయం వేరు. దీని పేర్లలో ఒకటైన పౌండ్, నేను ఉండే బ్రిటన్‌లో ఇంకో గుర్తు పేరు. అది £, డబ్బు గుర్తు. ఈ రెండు పౌండ్ల మధ్య మా గుడికి వచ్చే పెద్దవాళ్ళు బాగా ఇబ్బంది పడ్డారు. ఆ గొడవ ఎందుకు వచ్చిందా అని వెతుక్కుంటూ పోతే నేను రోమ్ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

రోమన్ల తూకానికి లిబ్రా అని పేరు. లిబ్రా అంటే తక్కెడ కూడా. మన తులారాశిని ఇంగ్లీషులో లిబ్రా అంటారు కదా, అదే మాట. ఒక లిబ్రా ఇప్పటి లెక్కలో సుమారు 327 గ్రాములు. పూర్తిగా చెప్పాలంటే "లిబ్రా పోండో" అనేవారు, అంటే తూకంలో ఒక లిబ్రా అని. తర్వాత ఈ జంట మాటలు విడిపోయాయి. ఇంగ్లీషువాళ్ళు రెండో మాటని నోటితో పలికారు, అది పౌండ్ అయింది. మొదటి మాటని చేత్తో రాశారు, అది ఎల్, బి అనే రెండు అక్షరాలయింది. అందుకే ఇప్పటికీ రాసేది ఎల్‌బీ, చదివేది పౌండ్. నేను చదువుకున్నదంతా ఇంగ్లీషు మీడియమే. కానీ ఇది ఎందుకు ఇలా ఉందో ఏ టీచరూ చెప్పలేదు.

ఎల్‌బీ అనేది పూర్తి మాట కాదు, పొట్టి మాట. పొట్టి మాట అని తెలియడానికి పాత కాలం లేఖకులు అక్షరాల మీదుగా ఒక అడ్డగీత గీసేవారు. మనకీ ఇలాంటి అలవాటు ఉంది. పెళ్ళి శుభలేఖల్లో "చి॥ల॥సౌ॥" అని ఉంటుంది చూడండి. చిరంజీవి, లక్ష్మీ, సౌభాగ్యవతి అని పూర్తిగా రాయకుండా, ఒక్కో అక్షరం రాసి పక్కన రెండు నిలువు గీతలు పెడతాం. "రూ॥" కూడా అంతే. మనవి నిలువు గీతలు, వాళ్ళది అడ్డగీత. పని మాత్రం ఒకటే.

ఇప్పుడు మీరే కాగితం మీద రాసి చూడండి. ఎల్ అంటే ఒక నిలువు గీత. బి అంటే ఇంకో నిలువు గీత, కింద చిన్న పొట్ట. వాటి మీదుగా ఒక అడ్డగీత. న్యూటన్ చేతిరాతలో కూడా ఇలా గీత ఉన్న ఎల్‌బీ కనిపిస్తుంది. దీన్నే రోజుకి వందసార్లు రాసే గుమాస్తా చేతిలో పొట్ట కరిగిపోతుంది. చివరికి మిగిలేది రెండు నిలువు గీతలు, రెండు అడ్డగీతలు. అదే #.

మరి £ ఎక్కడిది? అది కూడా లిబ్రాయే! ఎల్ అక్షరాన్ని అందంగా రాసి, దాని మీద కూడా పొట్టి మాట గీత పెట్టారు. పాత ఇంగ్లండులో ఒక పౌండ్ వెండికి 240 పెన్నీలు లెక్క. అలా బరువు పేరే డబ్బు పేరు అయింది. 1971 ఫిబ్రవరి 15న దశాంశ లెక్క వచ్చేదాకా ఒక పౌండ్‌కి 240 పెన్నీలే ఉండేవి. బరువుకీ డబ్బుకీ ఉన్న ఈ చుట్టరికం మనకి కొత్త కాదు. తక్కెడని తుల అంటాం, బంగారాన్ని తులాల్లో కొంటాం, మొక్కు తీర్చుకోవడానికి తులాభారం వేయిస్తాం.

అంటే # , £ రెండూ ఒకే తల్లి పిల్లలు. ఒకటి బరువు వైపు వెళ్ళింది, ఇంకోటి డబ్బు వైపు వెళ్ళింది.

అమెరికాలో # బాగా పాతుకుపోయింది. అక్కడి చిట్టాల్లో దీనికి రెండు పనులు ఉండేవి. అంకె తర్వాత వస్తే బరువు, అంకె ముందు వస్తే నంబరు. "5 #" అంటే ఐదు పౌండ్ల సరుకు, "# 5" అంటే ఐదో నంబరు. ఇప్పటికీ అమెరికా చుట్టాలు ఉత్తరం మీద ఫ్లాట్ నంబరు ముందు ఈ గుర్తే వేస్తారు. 1880ల రెమింగ్టన్ టైపురైటర్ల మీద కూడా ఇది ఉంది, 3 అంకె పైన. బ్రిటన్‌లో నంబరుకి "నెం." లాంటి పొట్టి మాట వాడారు, # అవసరం పెద్దగా పడలేదు.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. 1963లో అమెరికావాళ్ళు ఆస్కీ అనే పట్టిక తయారుచేశారు. ప్రతి అక్షరానికీ, ప్రతి గుర్తుకీ ఒక అంకె ఇచ్చారు. 3కి 51 వచ్చింది, # కి 35 వచ్చింది. తేడా సరిగ్గా 16. ఇది ఊరికే జరగలేదు. టెలిటైప్ లాంటి యంత్రాల్లో షిఫ్ట్ నొక్కితే ఆ 16 మారేలా తీగలు కలిపారు. అప్పుడు 3 కాస్తా # అవుతుంది, యంత్రం లోపల పని తేలిక.

బ్రిటన్‌కి £ లేకుండా ఎలా? పట్టికలో 128 గదులే ఉన్నాయి, ఖాళీ లేదు. అప్పుడు పెద్దవాళ్ళు కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నారు. 35వ గదిలో ఏ దేశం # పెట్టుకున్నా సరే, £ పెట్టుకున్నా సరే. అమెరికావాళ్ళు # ఉంచుకున్నారు. బ్రిటన్ తన ప్రమాణంలో £ పెట్టుకుంది. రెండు దేశాల యంత్రాలూ తీగ మీద 35 అనే పంపేవి. ఇక్కడ £ కనిపించేది, అక్కడ # కనిపించేది. విడిపోయిన అక్కాచెల్లెళ్ళు మళ్ళీ ఒకే గదిలో కాపురం పెట్టారన్నమాట. ఒకరు ఉంటే ఇంకొకరు ఉండకూడదు, అంతే.

దీని ఫలితం నేను కళ్ళారా చూశాను. 1990 ప్రాంతంలో మా గుళ్ళో విరాళాల రసీదులు చుక్కలతో అచ్చువేసే ప్రింటర్ మీద తీసేవాళ్ళం. ఆ ప్రింటర్ ఒక భక్తుడి ఆఫీసులో పక్కన పడేసింది. మనవాళ్ళు 100 ఇవ్వరు కదా, 116 ఇస్తారు. £116 ఇచ్చినాయనకి రసీదు మీద #116 అని వచ్చింది. "నేను నూట పదహార్లు ఇస్తే నాకు నూట పదహారో నంబరు ఇచ్చారేంటి, మరి డబ్బు ఎక్కడ రాశారు?" అని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా కోశాధికారి ముఖం ఎర్రబడింది. లెక్కల్లో తేడా వస్తే గుడి పరువు పోతుంది. ఆయన ఆ రోజు రసీదులన్నీ చేత్తో మళ్ళీ రాసిచ్చారు.

ప్రింటర్ వెనక చిన్న చిన్న స్విచ్‌లు ఉండేవి, బియ్యపు గింజంత. ఏ దేశమో వాటితో చెప్పాలి. మాది అమెరికా మీద ఉంది. అది బ్రిటన్ వైపుకి మార్చగానే రసీదుల మీద £ వచ్చింది. కానీ అప్పటినుంచి # కావాలన్న చోట కూడా £ వచ్చేది. ఒకే గది అని చెప్పాను కదా.

ఇప్పుడు ఫోన్ సంగతి. 1963 నవంబరులో అమెరికాలో బెల్ కంపెనీ బటన్ల ఫోన్ మొదలుపెట్టింది. దాని మీద పదే బటన్లు, అంకెలు మాత్రమే. కింద వరసలో సున్నాకి అటూ ఇటూ ఖాళీ. 1968లో ఆ ఖాళీల్లో * , # చేర్చారు. ఫోన్‌తో కంప్యూటర్లకి ఆజ్ఞలు ఇవ్వొచ్చని వాళ్ళ ఆలోచన. టైపురైటర్ మీదా ఆస్కీలోనూ అప్పటికే ఉన్న గుర్తులు ఇవి. బెల్ ఇంజనీర్లు దీనికి ఆక్టోథార్ప్ అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆక్టో అంటే ఎనిమిది, ఎనిమిది కొసలు ఉన్నాయి కాబట్టి. థార్ప్ ఎందుకో అడిగితే అక్కడ పనిచేసినవాళ్ళే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్పారు. నాకు ఏ కథ మీదా నమ్మకం లేదు.

# నొక్కితే ఫోన్ రెండు స్వరాలు ఒకేసారి పాడుతుంది. ఒకటి 941 హెర్ట్జ్, ఇంకోటి 1477 హెర్ట్జ్. అవతలి యంత్రం ఆ జంటని విని గుర్తుపడుతుంది. మరి అంకెలు నొక్కాక చివర # ఎందుకు? యంత్రానికి మీరు ఎన్ని అంకెలు నొక్కుతారో తెలియదు. అయిపోయింది అని ఎవరో చెప్పాలి. మన పురాణాల్లో అధ్యాయం చివర "ఇతి" అని వస్తుంది కదా, # అలాంటిది.

అంతర్జాతీయ ఫోన్ ప్రమాణం రాసినవాళ్ళు దీన్ని స్క్వేర్ అన్నారు, చతురస్రం. అమెరికా జనం పౌండ్ అన్నారు. బ్రిటన్‌లో హ్యాష్ అన్నాం. పౌండ్ అంటే ఇక్కడ డబ్బే గుర్తుకొస్తుంది మరి.

2020 మార్చి 23న బ్రిటన్‌లో లాక్‌డౌన్ ప్రకటించారు. గుడి తలుపులు మూశాం. ఉగాది అలాగే గడిచిపోయింది. ఏప్రిల్ 2న శ్రీరామనవమి. పూజారిగారు ఒక్కరే లోపల కల్యాణం చేస్తారు, మిగతావాళ్ళు ఇంటినుంచి ఫోన్‌లో వింటారు అనుకున్నాం. వీడియో పెట్టొచ్చు, కానీ మా పెద్దవాళ్ళలో చాలామందికి ఇంట్లో మామూలు ఫోన్ తప్ప ఏమీ లేదు. అందుకని అందరూ ఒకే నంబరుకి ఫోన్ చేసి కలిసే ఏర్పాటు ఒకటి తీసుకున్నాం. నంబరు తిప్పాలి, ఆరు అంకెల కోడ్ కొట్టాలి. అప్పుడు ఒక అమెరికన్ గొంతు ఇంగ్లీషులో చెప్తుంది, ఇప్పుడు పౌండ్ నొక్కండి అని.

పొద్దున ఎనిమిదినుంచి నా ఫోన్ మోగుతూనే ఉంది. ఎనభై నాలుగేళ్ళ పిన్నిగారు ఒకావిడ అడిగారు, "అమ్మాయ్, నా ఫోన్ మీద పౌండ్ గుర్తే లేదే! పింఛను పుస్తకంలో ఉంది గానీ ఫోన్ మీద లేదు." నాకు అరవై దాటాయి, ఆవిడకి ఇంకా అమ్మాయినే. "పిన్నిగారూ, అది కాదండీ, హ్యాష్ నొక్కండి" అన్నాను. "హ్యాష్ అంటే ఏది?" "సున్నాకి కుడిపక్కన, రెండు అడ్డగీతలు, రెండు నిలువు గీతలు." ఆవిడ ఒక్క క్షణం ఆగి, "ఆ ముగ్గా! ముందే ముగ్గు అని చెప్పొచ్చుగా" అన్నారు. పది నిమిషాల్లో లోపలికి వచ్చేశారు. ఆ తర్వాత నేను అందరికీ ముగ్గు అనే చెప్పాను. ఎవరూ మళ్ళీ అడగలేదు.

ఇంకొకాయన సంగతి వేరు. భార్య పోయి ఏడాది కూడా కాలేదు, ఒంటరిగా ఉంటారు. ఆయన ఫోన్ చెయ్యలేదు. సాయంత్రం నేనే చేసి "బాబాయిగారూ, కల్యాణం విన్నారా?" అని అడిగాను. "లేదమ్మా. పౌండ్ నొక్కమన్నాడు. నొక్కితే ఎన్ని పౌండ్లు పోతాయో తెలియక పెట్టేశాను" అన్నారు. అది ఉచితం అని నోటీసులో రాశాం. కానీ చెవిలో పౌండ్ అని వినపడ్డాక నోటీసు ఎవరికి గుర్తుంటుంది? జాగ్రత్తగా బతికిన మనిషి, జాగ్రత్తగా ఫోన్ పెట్టేశారు. ఆ రోజు ఆయన ఒక్కరే కూర్చున్నారు.

మర్నాడు ఆయనతో ఫోన్‌లోనే అభ్యాసం చేయించాను. ముగ్గు నొక్కారు, ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కారు, అదే. ఫోన్ తిరగేసి కింద చూడమన్నాను. ఇక్కడి పాత ఫోన్ల అడుగున చిన్న స్విచ్ ఉంటుంది, ఒక పక్క ఎంఎఫ్, ఇంకో పక్క ఎల్‌డీ అని. ఎల్‌డీ అంటే పాత డయల్ పద్ధతి. అంకెలు టకటకమని పోతాయి, స్వరాలు రావు. డయల్ ఫోన్‌లో పది అంకెలే కదా, # అనేదే లేదు. స్విచ్ ఎంఎఫ్ వైపు జరిపాక ముగ్గు పాడింది. శనివారం విష్ణుసహస్రనామానికి ఆయన గొంతు అందరికంటే ముందు వినపడింది.

మొబైల్ ఉన్నవాళ్ళ కష్టాలు ఇంకో రకం. మాట్లాడేటప్పుడు ఫోన్ చెవి దగ్గర ఉంటుంది, తెర చీకటైపోతుంది. ముందు ఫోన్ చెవినుంచి తీయాలి, కీప్యాడ్ అని ఉన్నచోట నొక్కాలి, అప్పుడు అంకెలు వస్తాయి. ఇదంతా చేసేలోపు అవతలి యంత్రానికి ఓపిక అయిపోతుంది. స్పీకర్ పెట్టుకుని చేస్తే సులువు. ఇద్దరు ముగ్గురు మెసేజీలు రాసే కీబోర్డులో # వెతికి కొట్టారు. అక్కడ కొడితే గుర్తు వస్తుంది గానీ స్వరం రాదు, యంత్రానికి ఏమీ వినపడదు. ఇంకో ఉపాయం ఉంది. నంబరు సేవ్ చేసేటప్పుడే నంబరు తర్వాత ఒక కామా పెట్టి, కోడ్, చివర # పెట్టొచ్చు. కామా అంటే ఫోన్‌కి కాసేపు ఆగు అని అర్థం. మా కుర్ర వాలంటీర్లు కొంతమంది పెద్దవాళ్ళ ఫోన్లలో ఇలా పెట్టారు. అప్పుడు పేరు నొక్కితే చాలు.

ఇక్కడ ఒక మాట. ఆంధ్రాలో, తెలంగాణలో ఇంగ్లీషు రానివాళ్ళు కూడా హ్యాష్ గురించి తడబడరు. ప్రీపెయిడ్ సిమ్‌లో డబ్బులు ఎంత ఉన్నాయో చూడాలంటే స్టార్‌తో మొదలుపెట్టి హ్యాష్‌తో ముగించడం అందరికీ అలవాటే. ఇంటర్నెట్ లేని ఫోన్‌లో బ్యాంకు పనికి *99# ఉంది. అక్కడ పౌండ్ అనే రెండో అర్థం లేదు కాబట్టి తికమక లేదు.

కీబోర్డు మీద టైపు చేసేవాళ్ళకి కూడా కొంచెం చెప్తాను. బ్రిటన్‌లో కొన్న విండోస్ కీబోర్డు అయితే # కి సొంత కీ ఉంది, ఎంటర్ పక్కన ఎడమవైపు. షిఫ్ట్ కూడా అక్కర్లేదు. షిఫ్ట్‌తో 3 నొక్కితే £. అమెరికాలో కొన్నదైతే షిఫ్ట్‌తో 3 నొక్కితే #. ఇండియానుంచి తెచ్చిన ల్యాప్‌టాప్ కూడా మామూలుగా అమెరికా పద్ధతే. బ్రిటన్‌లో అమ్మే ఆపిల్ కీబోర్డు మీద # కి సొంత కీ లేదు. మా ఇంటికి వచ్చినవాళ్ళు వెతికి వెతికి అలిసిపోతారు. ఆప్షన్ కీ పట్టుకుని 3 నొక్కాలి. అమెరికా ఆపిల్ మీద అదే ఆప్షన్, అదే 3 నొక్కితే £ వస్తుంది. అద్దంలో చూసినట్టు.

ఐఫోన్‌లో 123 నొక్కాక ఇంకో కీ వస్తుంది, దాని మీద #+= అని రాసి ఉంటుంది. దాన్ని నొక్కితే # రాదు, # ఉన్న పేజీ వస్తుంది. అక్కడ మళ్ళీ నొక్కాలి. గూగుల్ కీబోర్డులో ఒక మెట్టు తక్కువ, ?123 నొక్కగానే @ పక్కన ఉంటుంది.

హ్యాష్‌ట్యాగ్ కథ మీకు తెలిసే ఉంటుంది. 2007 ఆగస్టు 23న క్రిస్ మెస్సీనా అనే ఆయన ట్విటర్‌లో గుంపుల పేర్ల ముందు # పెడదాం అని ప్రతిపాదించారు. అంతకుముందు 1988లో వచ్చిన ఐఆర్‌సీ అనే ముచ్చట్ల గదులకి పేర్ల ముందు ఈ గుర్తే ఉండేది. మా మనవరాలు దీన్ని చూసి హ్యాష్‌ట్యాగ్ అంటుంది. ఫోన్ మీద ఉన్నా హ్యాష్‌ట్యాగే.

నేను తెలుగు టైపు చేయడం నేర్చుకున్నది విండోస్‌లో ఉండే ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో. నాకు తెలుగు రాయడం బళ్ళో సరిగ్గా నేర్పలేదు కాబట్టి ఒత్తులు ఇప్పుడు కీబోర్డు మీద నేర్చుకుంటున్నాను. ఇన్‌స్క్రిప్ట్‌లో షిఫ్ట్‌తో 3 నొక్కితే # రాదు, £ కూడా రాదు. రవొత్తు వస్తుంది, ్ర. ప కొట్టి అది కొడితే ప్ర. క కొట్టి అది కొడితే క్ర. నా కీబోర్డు మీద ఆ కీకి అచ్చులో £ ఉంది, అమెరికాలో అయితే # ఉండేది. గుడి నోటీసులో ప్రసాదం, ప్రదక్షిణ, చక్రం అని రాయడానికి నేను రోజూ నొక్కేది దాన్నే. # కావాల్సి వచ్చినప్పుడు భాష ఇంగ్లీషుకి మార్చి, ఎంటర్ పక్క కీ నొక్కి, మళ్ళీ తెలుగుకి వస్తాను.